గోడ చెవులకు కమ్మలు

మా అమ్మకు పెళ్లికి ముందు ఫోటో లేదు. పెళ్లిలో తీసిన ఒకే ఒక్క ఫోటోలో కూడా తల వంచుకుని ఉంటుంది, బాసికం తప్ప మొహం కనపడదు. అందుకని ఆమె ఒకప్పుడు ఆడపిల్లగా ఉండేదని నమ్మడానికి నా దగ్గర ఆధారమేమీ ఉండేది కాదు. నేను కళ్లు తెరిచేసరికే ఆమె అమ్మగా తయారై ఉంది. కొంగు నడుముకు దోపుకుని, సంగటి కెలికే తెడ్డు చేత్తో పట్టుకుని, "లేచినావా తల్లీ, పొద్దు నెత్తికెక్కిండాది" అంటూ. ఆమె పుట్టడమే అలా తెడ్డుతో పుట్టిందేమో అని చిన్నప్పుడు అనుకునేదాన్ని.

అడిగితే చెప్పే మనిషి కూడా కాదు. నువ్వు నా అంత ఉన్నప్పుడు ఏం చేసేదానివమ్మా అంటే, "ఏం చేస్తా, బతికినా" అనేది. ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే చేటలో రాళ్లు ఏరే పని నాకు అప్పగించేది. దాంతో నా నోరు మూతపడేది.

మా ఊరు రాప్తాడు దగ్గర, బస్సు దిగి పొలాలకు అడ్డంపడి నడవాలి. అమ్మ పుట్టిల్లు మడకశిర పక్క పల్లె. అక్కడ మనుషులు తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగిస్తారు, లేకపోతే అటునుంచి ఇటు వస్తారు. అమ్మ కోడలిగా వచ్చిన కొత్తలో ఆమె మాటల్లోనూ కన్నడం దొర్లేదట. మా జేజి, అంటే నాయన తల్లి, ఆ మాటలను ఎక్కిరించి ఎక్కిరించి మాన్పించింది. ఈ సంగతి జేజి తన గొప్పతనంగా చెప్పుకుంటేనే నాకు తెలిసింది. అమ్మ మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఎనభైల్లో నేను అనంతపురంలో డిగ్రీలో చేరాను. ఆ ఏడే నాకు కవిత్వం పట్టుకుంది. పట్టుకుంది అనే అనాలి, గజ్జిలాగా. ఎక్కడ గీరుకున్నా అదే. హాస్టల్లో నా పక్క మంచం పిల్ల చంద్రుడి మీద రాసేది, ఆ పక్కామె విప్లవం మీద రాసేది. నాకు రెండూ రాలేదు. నాకు వచ్చిందల్లా సాయంత్రమైతే అమ్మ మీద బెంగ. తలుచుకుంటూ పడుకుంటే ఒక విషయం తట్టింది. నేను బెంగపడుతున్న ఈ మనిషి నాకు సగమే తెలుసు. నేను పుట్టకముందు పద్దెనిమిదేళ్ల పిల్ల ఒకతె ఉండేది. నవ్వేదో, అలిగేదో, ఎవరితో తిరిగేదో. ఆ పిల్లతో నాకు పరిచయమే లేదు. నాకు ఆ పిల్ల కావాలనిపించింది. కవిత్వంలోనైనా సరే ఆమెను పట్టుకోవాలి, నేను రాసింది విని అమ్మ "అవును పాపా, ఇది నేనే" అనాలి. ఎవరి మెప్పూ నాకక్కర్లేదు, ఆ ఒక్క మాట చాలు అనుకున్నాను.

మొదటి కవిత దసరా సెలవులకు తీసుకెళ్లాను. అమ్మ గడపలో కూర్చుని రాగులు చెరుగుతోంది. నేను గొంతు సవరించుకుని చదివాను.

వెన్నెల వాకిట విరిసిన మల్లెవు
సెలయేటి గలగల నీ అడుగుల సవ్వడి

అమ్మ చెరగడం ఆపకుండానే అంతా విన్నది. నేను ముగించి ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నాను.

"బాగుండాది. ఎవురా పాప?" అంది.

నువ్వేనమ్మా అన్నాను. ఆమె చేట కింద పెట్టి నన్ను పైకీ కిందికీ చూసింది, జ్వరమేమైనా ఉందేమో అన్నట్టు. తమ ఊర్లో మల్లెలు యాడివి, పూస్తే కనకాంబరాలు పూసేవి, అవీ నీళ్లున్న ఏడే పూసేవి అని చెప్పింది. ఆ తర్వాత అసలు సందేహం బయటపెట్టింది.

"సెలయేరంటాండావే, అది యాడుండాది పాపా? మా ఊర్లో ఉండింటే మేమెందుకు అంత దూరం పోయి నీళ్లు తెచ్చుకుంటాం?"

మంచంలో ఉన్న జేజి పగలబడి నవ్వింది. ఆ మంట చల్లారడానికి నాకు సంక్రాంతి దాకా పట్టింది. సరే, మల్లెలు వద్దు, ఏరు వద్దు అనుకుని ఈసారి కరువు రాశాను. ఎండిన బావి, పగిలిన నేల, నెత్తిన ఖాళీ కడవ, కంట్లో నీరు. మా క్లాసులో చదివితే ఇద్దరు ముక్కు చీదారు. ఇక దీనికి తిరుగులేదనుకున్నాను.

అమ్మ దాన్ని మొదటిదానికన్నా శ్రద్ధగా విన్నది. చివరికి వచ్చేసరికి మొహం చిన్నబుచ్చుకుంది. ఆమెను ఏడిపించగలిగానని నేను లోపల పొంగిపోయాను.

"నేనెప్పుడు ఏడ్సినా?" అంది. "అందురూ మా పక్కను చూసి అయ్యో అంటారు. నువ్వూ అట్లే అంటాండావు. వాన లేకపోతే నవ్వకూడదా ఏమి?"

అని లేచి వెళ్లిపోయింది. ఆమెకు నిజంగానే కష్టం కలిగింది. నాకు సిగ్గూ కోపమూ రెండూ వచ్చాయి. మల్లె కాదంటుంది, కన్నీరు కాదంటుంది, ఏదీ చెప్పదు. ఈ తల్లితో ఎట్లా వేగాలి?

ఇక్కడ మా ఇంట్లో విత్తనాలు ఒలిచే సంగతి చెప్పాలి. మా పక్క భూమికి తెలిసిన పంట ఒక్కటే, వేరుశనగ. వానలు పడేముందు ప్రతి ఇంట్లోనూ విత్తనపు కాయల మూటలు విప్పి, నీళ్లు చిలకరించి, ఆడవాళ్లు చుట్టూ కూర్చుని చేత్తో ఒలుస్తారు. గింజ మీది ఎర్రటి పొర చిట్లకూడదు, చిట్లితే మొలవదు. పొద్దున కూర్చుంటే సాయంత్రానికి బొటనవేళ్లు వాచిపోతాయి. అంత చేసినా ముందున్నది తినే వస్తువు, కూర్చున్నది ఆకలి గల మనుషులు. ఎవరికైనా చెయ్యి నోటికి పోతుంది. దానికి పెద్ద ఇళ్లవాళ్లు ఎప్పటినుంచో పాటిస్తున్న పద్ధతి ఒకటుంది. ఒలిచినంతసేపూ పాడాలి. పాడే నోరు నమలలేదు కదా. పాట ఆగిందంటే ఎవరి నోట్లోనో గింజ పడిందని అర్థం.

డెబ్భైల్లో నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు మా వీధిలో ఏ ఇంట్లో ఒలుస్తున్నారో పాటను బట్టి తెలిసేది. మా ఇంట్లో మాత్రం పాట ఉండేది కాదు. అమ్మ అందరినీ కూర్చోబెట్టి, పనికి ముందే ఒక్కొక్కరి ఒళ్లో పిడికెడు గింజలు పోసేది. "ముందు తినండి, నిదానంగా తినండి" అనేది. జేజి నెత్తీ నోరూ కొట్టుకునేది, విత్తనమంతా వీళ్ల కడుపుల్లో మొలకెత్తుతుందని. అలవాటు కొద్దీ ఎవరైనా పాట ఎత్తుకున్నా అమ్మ వద్దనేది. పాటెందుకులే, మాట్లాడుకోండి అనేది. మా అమ్మకు పాటంటే గిట్టదని, ఆమెలో పాట అనేదే లేదని నాకు ఊహ తెలిసినప్పటినుంచీ నమ్మకం. నాయనకూ అదే నమ్మకం.

ఆ వేసవిలో మేనమామ కూతురి పెళ్లి వచ్చింది. బర్రె ఈనే రోజులని అమ్మ కదలలేదు, తన బదులు నన్ను పంపింది. బయలుదేరేటప్పుడు ఒక చిన్న గుడ్డసంచి ఇచ్చింది. దాంట్లో ఒలిచిన గింజలు. ఊర్లో తన చిన్ననాటి స్నేహితురాలు ఉంది, బొంతలు కుట్టే ఆమె, ఆమెకు ఇవ్వమంది. ఆమెను నేను ఖాలా అని, అంటే ఉర్దూలో పిన్నమ్మ అని పిలిచేదాన్ని, చిన్నప్పుడు ఒకటి రెండు సార్లు చూసి ఉంటాను.

"తిననీకి అని చెప్పు. విత్తనానికి కాదని చెప్పు," అని అమ్మ మరీ మరీ అంది.

పెనుకొండలో బస్సు మారి వెళ్లాను. ఖాలా ఇంటి ముందు వేపచెట్టు నీడలో పాతచీరలు పరుచుకుని బొంత కుడుతోంది. సంచి ఇచ్చి, అమ్మ చెప్పమన్నది చెప్పాను. ఆమె సంచి విప్పి చూసి నవ్వడం మొదలుపెట్టింది. సూది ఎక్కడ పడిందో కూడా చూసుకోకుండా నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇంకా మరిసిపోలేదా మీయమ్మ," అంది.

ఏమిటి మరిచిపోనిది అని నేను పక్కన చతికిలబడ్డాను. పెళ్లింట్లో నన్ను వెతుక్కుంటారన్న ధ్యాస కూడా లేదు.

ఆ ఊర్లో ఒక పెద్దిల్లు ఉండేదట. అమ్మా, ఖాలా, వాళ్ల ఈడు పిల్లలందరూ ఏటా అక్కడికే ఒలవడానికి పోయేవాళ్లు. పెద్దింటామె ఎదురుగా కూర్చునేది కాదు. గోడకు అవతల, వసారాలో కూర్చుని పాట వినేది. ఒక్క గొంతు తగ్గినా పసిగట్టేది. సాయంత్రం పోయేటప్పుడు ప్రతి పిల్లా గడప దగ్గర ఒడి దులిపి చూపించాలి. గింజ ఇంటికి పోయే దారి లేదు, నోట్లోకి పోయే దారి లేదు. పొద్దున సంగటి ముద్ద తినకుండా వచ్చిన పిల్లలే ఎక్కువ.

"ఉపాయం మీయమ్మ కనిపెట్టింది," అని ఖాలా గొంతు తగ్గించింది, పెద్దింటామె ఇంకా గోడ అవతల ఉన్నట్టు. "చరణం నేనొక్కదాన్నే పాడతా, అంతలోకి మీరు నమలండి, పల్లవి కాడికొస్తే మింగి అందుకోండి అనింది."

అమ్మ గొంతు పదిమంది గొంతంత ఉండేదట. ఆ గొంతు గోడ దాటి పోతుంటే మిగతావాళ్లు పాడటం లేదని ఎవరికీ తోచేది కాదు. పల్లవి వచ్చేసరికి అందరూ ఒక్కసారిగా "ఒలువే తంగీ ఒలువే" అని అందుకునేవాళ్లు. తంగి అంటే అక్కడ చెల్లెలు. అమ్మ పాడుతూ అందరి గొంతుల వైపే చూస్తుండేదట. ఎవరి నోట్లో అయినా ఇంకా గింజ ఉంటే, ఆ పిల్ల మింగేదాకా చరణాన్ని సాగదీసేది. సాగదీయడానికి పదాలు కావాలి కదా. గోడ మీది కాకిని పట్టుకొచ్చేది, ఎవరింటి పిల్లినో తెచ్చేది, తెలుగు అయిపోతే కన్నడం తెచ్చేది. నెమ్మదిగా నమిలే పిల్ల ఒకతె ఉండేదట, ఆమె కోసం అమ్మ ఒకసారి మడకశిర కొండెక్కి దిగి వచ్చినంత పొడుగు చరణం పాడిందట.

ఒకరోజు పాట ఎత్తుకుంటూ ఎత్తుకుంటూ అమ్మ ఇలా పాడిందని ఖాలా పాడి చూపించింది:

గోడకేమొ చెవులు ఉండె, చెవులకేమొ కమ్మలుండె

పిల్లలందరూ ఒలవడం ఆపి గోడ వైపు చూశారట. పెద్దింటామె చరచరా బయటికి వచ్చింది. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే కమ్మ మీదికి పోయింది. ఇక అయిపోయాం అనుకున్నారు. ఆమె కమ్మ సవరించుకుని, పాట బాగుంది, ఇంకోసారి పాడండి అని లోపలికి వెళ్లిందట.

నేను నవ్వీ నవ్వీ పక్కలు పట్టుకున్నాను. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మా అమ్మ! తెడ్డు పట్టుకుని పుట్టిందనుకున్న మా అమ్మ ఇంత గడుగ్గాయా! నవ్వు ఆగాక ఊరికే అడిగాను, మరి అమ్మ ఎప్పుడు తినేది అని.

ఖాలా సూది ఎత్తుకుంది. దారం ఎక్కించడానికి చాలాసేపు తంటాలు పడింది.

"ఆమె యాడ తినింది బిడ్డా," అంది. "పాడేదాని నోరు ఖాళీ యాడిది? మేమందరం తిన్నది మీయమ్మ పాటనే. ఆ ఇంటి గింజ ఒక్కటి కూడా ఆమె నోట్లో పడలేదు. ఆకలి మీద ఉంటిమి, మాకప్పుడు తోచలేదు."

తర్వాతెప్పుడో తోచి, అమ్మను తిననివ్వాలని తానొక రోజు చరణం ఎత్తుకుని చూశానని, గొంతు పైకి లేవలేదని, గోడ అవతల గాజులు కదిలిన చప్పుడు వినగానే అమ్మ మళ్లీ అందుకుందని చెప్పింది. పెళ్లి కుదిరాక ఇక ఆ ఇంటికి పోలేదు. పెళ్లిలో పిల్లలందరూ పాడమని బతిమాలితే, ఇంక పాడను, నా నోటికి కూడా ఒక ముద్ద తిననీండి అని నవ్విందట. అంతే, ఆ తర్వాత అమ్మ పాట ఖాలా వినలేదు.

పెళ్లి భోజనం నాకు సహించలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ పిల్లను చూస్తూ వచ్చాను. ఇప్పుడు కళ్లు మూసుకోనక్కర్లేకుండానే కనిపిస్తోంది. కొంటెగా ఉంది, ఆకలిగా ఉంది, అందరి దవడలూ గమనిస్తోంది. నాకు ఆమె మీద పట్టరానంత ప్రేమ వచ్చింది. నేను అప్పుడు అక్కడ ఉంటే ఎలాగోలా ఆమె నోట్లో ఒక్క గింజ వేసి ఉండేదాన్ని కదా అని పిచ్చి ఆలోచన వచ్చింది.

ఇంటికొచ్చి నాయనను పక్కకు పిలిచి అడిగాను, అమ్మ పాటలు పాడేదట తెలుసా అని. "మీయమ్మకు పాటొచ్చునా?" అని నాయన వంటింటి వైపు చూశాడు, ఇంట్లోకి ఎవరో కొత్త మనిషి వచ్చినట్టు. అమ్మకు మాత్రం ఏమీ చెప్పలేదు. ఖాలా ఏమనింది అని ఆమె అడిగితే, గింజలు బాగున్నాయంది అన్నాను.

మూడో కవిత కాగితం మీద రాయలేదు. నోటితోనే కట్టుకున్నాను, పొడుగు చరణం, పొట్టి పల్లవి.

ఆ ఏడు మబ్బులు కొంచెం ముందే ఆశపెట్టాయి. మా ఇంట్లో కాయల మూటలు విప్పారు. ఆడవాళ్లు వచ్చి చుట్టూ కూర్చున్నారు. అమ్మ ఎప్పటిలాగే ఒక్కొక్కరి ఒళ్లో పిడికెడు పోసుకుంటూ వచ్చింది. నేనూ వరసలో కూర్చున్నాను కాబట్టి నా ఒళ్లోనూ పోసింది. జేజి మంచంలోంచి ఎప్పటిలాగే సణిగింది. అందరూ నమలడం మొదలుపెట్టారు. నేను మొదలుపెట్టాను:

కొండకింది పల్లెలోన కొంటెపిల్ల ఒకతె ఉండె
ఒలువే తంగీ ఒలువే
కడుపు నిండ పాట ఉండె, కంచమేమొ ఖాళి ఉండె
ఒలువే తంగీ ఒలువే

నా గొంతు గొప్పదేమీ కాదు. పాట వద్దని అమ్మ అంటుందేమోనని తల ఎత్తలేదు. ఆడవాళ్లు రెండోసారికే పల్లవి పట్టేసుకున్నారు, గింజలు నములుతూనే. అమ్మ చేతిలో కాయ చిట్లిన చప్పుడు మాత్రం వినిపించింది.

పక్కపిల్ల దవడ చూసి పాట పొడుగు సాగదీసె
ఒలువే తంగీ ఒలువే
గోడకేమొ చెవులు ఉండె, చెవులకేమొ...

అమ్మ లేచింది. నాకు భయం వేసింది. కరువు కవిత విని లేచి వెళ్లిపోయినట్టే ఇప్పుడూ పోతుందనుకున్నాను, మళ్లీ కష్టపెట్టానేమో అనుకున్నాను. ఆమె పోలేదు. కాయల పొట్టు తొక్కుకుంటూ నా ముందుకొచ్చి కూర్చుంది. నా ఒళ్లోకి చూసింది. ఆమె పోసిన పిడికెడు పోసినట్టే ఉంది. అందరి ఒళ్లూ ఖాళీ అయ్యాయి, నాది కాలేదు. పాడుతున్నాను కదా.

ఆమె ఆ గింజలు గుప్పిట్లోకి తీసుకుని, నేను నోరు తెరిచింది కమ్మలు అనడానికైతే, ఆ నోట్లో అన్నీ ఒక్కసారే కుక్కింది.

"ముందు తిను పాపా," అంది. "పాడేదానికి ఎవురూ పెట్టరు."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు నిండా గింజలు. చరణం మధ్యలో తెగిపోయింది. ఆడవాళ్లు పల్లవి అందుకోవడానికి నోళ్లు తెరిచి, చరణం లేక, మా ఇద్దరినీ చూస్తున్నారు.

అప్పుడు అమ్మ ఎత్తుకుంది. ముందు బొంగురుగా వచ్చింది, వాడక తుప్పుపట్టిన బావి గిలక లాగా. తర్వాత విచ్చుకుంది. ఖాలా చెప్పింది అబద్ధం కాదు, ఆ గొంతుకు మా గోడలు చాలవు. వీధిలో పోయేవాళ్లు ఆగారు. జేజి సణగడం మానేసింది. కమ్మలుండె అని నా చరణం ముగించి, ఆమె తన చరణం కట్టింది:

ఏరు లేని ఊరికేమొ ఏరు తెచ్చె నా కూతురు
ఏరు తెచ్చె, నీరు మరిచె, మల్లెపూలు మోసుకొచ్చె

నవ్వొచ్చి నాకు పొలమారింది. గింజలు బుగ్గలో సర్దుకున్నాను. ఆమె చూపు నా గొంతు మీద ఉంది. కొంటెగా ఉంది ఆ చూపు, బస్సు కిటికీలో చూసిన పిల్ల చూపే. "ఇది నేనే" అని అమ్మ అనలేదు. నా నోట్లో ఇంకా ఉందని చూసి, పల్లవి దగ్గర ఆగకుండా చరణాన్ని సాగదీసింది. నా జడను తెచ్చింది, హాస్టల్‌ను తెచ్చింది, ఈనిన బర్రెనూ దాని దూడనూ తెచ్చింది. తెలుగు అయిపోయింది, జేజి ఎదుటే కన్నడం తెచ్చింది. నేను మింగితే పల్లవి వచ్చేస్తుంది, చరణం అయిపోతుంది.

నేను కావాలనే మెల్లగా నమిలాను.